సున్నా వరుసలు

సోంపేట ఆసుపత్రిలో డయాలసిస్ గది బయట
గోడకి ఒక తెర వేలాడుతుంది.
దాని వెనకాల నేనుంటాను:
మెట్లకింద గది, కిర్రుమనే ఫ్యాను,
పదకొండు నెలల కాంట్రాక్టు.

పని చెప్పుకుంటే చిన్నదే.
పట్టికలో ఉన్న పేర్లని తెర మీదకి తేవడం.
పేరు, ఊరు, మంచం నంబరు, ఎన్నో విడత.
తెల్లారకుండానే కవిటి నుంచి, కంచిలి నుంచి
ఆటోల్లో దిగినవాళ్లు
మెడలెత్తి తమ వరుస వెతుక్కుంటారు.

మొదటి వారం నేను రాసిన కోడ్‌కి
మంచి రోజులు మాత్రమే తెలుసు.
కరెంటు పోదని, లైను తెగదని,
అడిగిందే తడవు సర్వరు పలుకుతుందని
నమ్మి రాసేశాను.

ఏడో రోజున గాలి.
ఇచ్ఛాపురం వైపు ఎక్కడో తీగ తెగింది.
తెర తెల్లబడిపోయింది.
కింద ఒక మూల మాత్రం ఇంగ్లీషులో
నలభై రెండో లైను అని ఏదో.

బెంచీ మీంచి తవిటమ్మ లేచింది,
సూదులు గుచ్చిన చేయి కొంగులో దాచుకుని.
"నా పేరు నేదేటే గుంటా?
తీసీసినారేటి?"
బెంచీలన్నీ నావైపు తిరిగాయి.
నలభై రెండో లైనులో ఏముందో
అప్పుడు ఎవరికని చెప్పను?

ఆ రాత్రి ఇంటికి వెళ్లలేదు.
అడుగు. రాకపోతే మూడు లెక్కపెట్టి మళ్లీ అడుగు.
అప్పటికీ రాకపోతే
ఆఖరున తెచ్చిన వరుసలే చూపించు,
పైన వేళ రాసి, ఆరుంబావు నాటివని.
పడబోయేవాడి జబ్బ పట్టుకోవడం లాంటిదే,
కాకపోతే పడకముందే రాసిపెట్టాలి.
అక్షరాలకి ఎరుపు పెడితే నర్సు హేమసుందరి తీయించింది.
"ఎరుపు చూస్తే ఇక్కడ బీపీలు పెరిగిపోతాయి."
నీలం పెట్టాను.

లేకపోవడం వేరు, దొరక్కపోవడం వేరు.
ఈ తేడా చెప్పడానికి
నాకు పదహారు లైన్లు పట్టాయి.

పుట్టిన తేదీ గడి ఖాళీగా తగిలితే
పేజీ మొత్తం కూలేది.
దండాసి తాతని అడిగాను.
"జీడిపిక్కలు రాలే కాలం.
మా అయ్య ఖరగ్‌పూర్ పోయిన ఏడు."
తేదీ గడి ఆ జవాబుని ఒప్పుకోదు.
అక్కడొక చిన్న అడ్డగీత గీసి వదిలేశాను.

వాక్యం మాత్రం చాలాసార్లు మార్చాను.
'దోషం సంభవించినది' అంటే
పంతులుగారిని పిలవాలేమో అనుకుంటారు.
'రికార్డు లభ్యం కాలేదు' అంటే కోర్టు.
చివరికి మా అమ్మ పక్కింటివాళ్లతో అన్నట్టు రాశాను:
"లైను పోనాది. మీ పేరు ఎక్కడికీ పోనేదు.
కూకోండి, వస్తాది."
జిల్లా నుంచి వచ్చిన ఆఫీసరు చదివి
'కూకోండి' ఏంటమ్మా, 'కూర్చోండి' చెయ్యి అన్నారు.
సరే సార్ అన్నాను.
ఇప్పటికీ కూకోండే ఉంది.

ఇప్పుడు లైను పోతే ఎవరూ లేవరు.
తవిటమ్మ పక్కావిడకి చదివి చెబుతుంది,
చదువు రాకపోయినా,
నీలం రంగు చూసి.

కార్తీకంలో ఒక మంగళవారం
లైను బాగుంది. సర్వరు అడగ్గానే పలికింది.
మూడో మంచం, ఉదయం విడత:
సున్నా వరుసలు.
ఏ తప్పూ పడలేదు, పట్టుకోడానికి.
దండాసి తాత మంచం అది.
ఆ రోజు చిట్టాలో
ఒక్క ఫిర్యాదూ నమోదు కాలేదు.

దీనికి నేను వాక్యం రాసి ఉంచలేదు.
కర్సరు మినుకుతూ ఉంటే
గుమ్మం దగ్గర తవిటమ్మ గొంతు.
"మూడో మంచం కాళీయేటే గుంటా?
మా ఊరి గుంటడొకడు ఆటోలో ఉన్నాడు."

కొత్త వరుస తెరిచాను.
పేరు అడిగాను. ఊరు అడిగాను.
పుట్టిన తేదీ వాడికి తడుముకోకుండా తెలుసు.
ఫిబ్రవరి పంతొమ్మిది,
రెండువేల నాలుగు.